మేడలకు అనుమతులు సరే, మెట్ల మాటేమిటి? – ముంబయి ప్రభాదేవి స్టేషన్ చెప్పే పాఠం

ముంబయి నడిబొడ్డున పరేల్, ప్రభాదేవి ప్రాంతాలను కలుపుతూ వచ్చిన శతాబ్దం నాటి రోడ్డు వంతెనను 2025 సెప్టెంబరు 12న మూసివేశారు. ఎల్ఫిన్‌స్టన్ వంతెనగా పేరుబడిన ఈ కట్టడం స్థానంలో రెండు అంతస్తుల కొత్త వంతెన రానున్నది. కింది అంతస్తు స్థానిక వాహనాలకు, పై అంతస్తు శివ్‌డీ–వర్లీ ఎత్తైన రహదారికి ఉద్దేశించారు. 2024 జనవరిలో ప్రారంభమైన అటల్ సేతును నగర పశ్చిమ తీరంతో అనుసంధానించడం ఈ రహదారి లక్ష్యం. మూసివేత ప్రకటన వెలువడిన నాటి నుంచి ప్రధానంగా చర్చకు వచ్చినవి వాహనాల మళ్లింపు, అంబులెన్సుల దారి, చుట్టుపక్కల నివాసితుల పునరావాసం.

అదే వంతెన పక్కన, పట్టాల మీదుగా మరో రాకపోకల ప్రవాహం ప్రతి ఉదయం సాగుతుంది. అది పాదచారులది. పశ్చిమ రైల్వేలోని ప్రభాదేవి స్టేషన్‌కూ, మధ్య రైల్వేలోని పరేల్ స్టేషన్‌కూ నడుమ పాదచారుల వంతెనల మీదుగా రాకపోకలు సాగించే ఉద్యోగులు, రోగులు, వారి బంధువులు, చిరువ్యాపారులు ఈ ప్రవాహంలో ఉంటారు. 2017 సెప్టెంబరు 29న, ఇక్కడి ఇరుకు మెట్ల మీదే 23 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆనాడు తలెత్తిన ప్రశ్నకు దొరికిన జవాబు సగమే. ఒక ప్రాంతంలో ఎంత జనం పనిచేయాలో నిర్ణయించే సంస్థ ఒకటి, ఆ జనాన్ని దించి బయటకు పంపే స్టేషన్‌ను నడిపే సంస్థ మరొకటి అయినప్పుడు, ఆ రెంటి నడుమ ఉన్న మెట్ల వెడల్పుకు ఎవరు బాధ్యులు?

మిల్లుల ఊరిలో చిన్న స్టేషన్

ప్రభాదేవి స్టేషన్ పూర్వనామం ఎల్ఫిన్‌స్టన్ రోడ్. 1853 నుంచి 1860 వరకు బొంబాయి గవర్నరుగా ఉన్న లార్డ్ ఎల్ఫిన్‌స్టన్ పేరు మీదుగా ఆ పేరు వచ్చింది. స్థానిక అమ్మవారి పేరుతో స్టేషన్‌కు ప్రభాదేవి అని నామకరణం జరిగింది 2018 జులైలో. దాదర్, లోయర్ పరేల్ స్టేషన్ల నడుమ ఉన్న ఈ స్టేషన్‌లో ఆగేవి అన్ని స్టేషన్లలో ఆగుతూ సాగే లోకల్ రైళ్లే. దాదర్ వలె ఇది పెద్ద కూడలి కాదు. కొన్ని అడుగుల దూరంలో, మరో సంస్థ అధీనంలోని పట్టాల మీద పరేల్ స్టేషన్ ఉన్నది.

ఇరవయ్యో శతాబ్దంలో చాలా కాలం పాటు ఈ ప్రాంతానికి ఇంతకు మించిన స్టేషన్ అవసరం కలగలేదు. ఇది గిరణ్‌గావ్, అంటే మిల్లుల ఊరు. బట్టల మిల్లులలో పనిచేసే కార్మికులు వాటి చుట్టూ ఉన్న చాళ్లలోనే నివసించేవారు. సైరన్ మోగితే నడిచి మిల్లుకు చేరేవారు. పని మూడు షిఫ్టులలో సాగేది కనుక జనసంచారం కూడా రోజంతా పంచుకున్నట్లుగా ఉండేది.

ఆ కార్మికులలో తెలుగువారి సంఖ్య గణనీయం. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు వర్లీ, లోయర్ పరేల్, నాయిగావ్ పరిసరాలలో స్థిరపడ్డాయి. మగ్గం మీద ఆధారపడిన ఇంట బతుకుతెరువు సన్నగిల్లితే బొంబాయి మిల్లు దిక్కయ్యేది. తెలంగాణ వలసల చరిత్రను మూడు ముక్కలలో చెప్పే 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అనే నానుడిలో నడిమి మాట వెనుక ఉన్నది ఈ చాళ్ల జీవితమే.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు పాల్గొన్నారు. ఆ సమ్మె లాంఛనంగా ముగిసిన దాఖలా లేదు. అప్పటికే దెబ్బతిని ఉన్న పరిశ్రమ కోలుకోలేకపోయింది. మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. మిగిలింది భూమి. నగరం నడుమ దాదాపు 600 ఎకరాల మిల్లు స్థలాల భవితవ్యం తేల్చవలసిన పరిస్థితి వచ్చింది.

భూమి నిర్ణయం, రైలు పర్యవసానం

1991 నాటి అభివృద్ధి నియంత్రణ నిబంధనలు ఈ స్థలాలను స్థూలంగా మూడు వాటాలు చేయాలని సూచించాయి: నగరానికి ఖాళీ జాగా కొంత, ప్రజల గృహవసతికి కొంత, యజమానికి కొంత. వాస్తుశిల్పి చార్లెస్ కొరియా సారథ్యంలోని అధ్యయన బృందం 1996లో ఈ భూములన్నిటినీ కలిపి ఒకే ప్రణాళిక కింద అభివృద్ధి చేయాలని ప్రతిపాదించింది. 2001లో నిబంధనలను సవరించారు. సవరణ తరువాత ఆ పంపకం మిల్లు స్థలం మొత్తానికి గాక, కట్టడాలు లేని ఖాళీ జాగాకు మాత్రమే పరిమితమైంది. దీనిపై సాగిన న్యాయపోరాటంలో 2006 మార్చిలో సుప్రీంకోర్టు సవరణను సమర్థించింది. నగరానికి దక్కవలసిన బహిరంగ స్థలం భారీగా తగ్గిపోయింది.

ఈలోగా 2005లో జాతీయ జౌళి సంస్థ తన అధీనంలోని మిల్లులను వేలం వేసింది. ప్రభాదేవి స్టేషన్‌కు నడకదూరంలోని జూపిటర్ మిల్లు 276 కోట్ల రూపాయలకు, ఎల్ఫిన్‌స్టన్ మిల్లు సుమారు 441 కోట్లకు అమ్ముడుపోయాయి. ఆ స్థలాలలో గాజు గోడల కార్యాలయ భవనాలు వెలిశాయి. బ్యాంకులు, ఆర్థిక సేవల సంస్థలు, ప్రసార సంస్థలు, ప్రకటనల సంస్థలు వచ్చి చేరాయి.

ఈ మార్పు రైల్వేపై మోపిన భారం మూడు విధాలైనది. మొదటిది సంఖ్య. ఒకే అంతస్తు మిల్లు షెడ్డు ఉన్న చోట పలు అంతస్తుల భవనం లేచినప్పుడు అక్కడ పనిచేసేవారి సంఖ్య పెరుగుతుంది. రెండవది దూరం. మిల్లు కార్మికుడు చాలు నుంచి నడిచి వచ్చేవాడు. కొత్త ఉద్యోగి విరార్ నుంచో, కల్యాణ్ నుంచో, బద్లాపూర్ నుంచో రైలులో వస్తాడు. మూడవది వేళ. మూడు షిఫ్టుల రాకపోకలు పోయి, ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదిన్నర లోపు అందరూ ఒకేసారి దిగే పద్ధతి వచ్చింది. భూమి అదే అయినా, అందులో అడుగుపెట్టే మనుషుల సంఖ్య, వారు వచ్చే దారి, వచ్చే వేళ మారిపోయాయి. మెట్ల వెడల్పు మాత్రం మారలేదు.

మధ్య రైల్వే మార్గంలో వచ్చే ఉద్యోగులు పరేల్‌లో దిగి, పట్టాలు దాటి పడమటి వైపున్న కార్యాలయాలకు వెళ్లాలి. పశ్చిమ రైల్వే మార్గంలో వచ్చే రోగులు ప్రభాదేవిలో దిగి, తూర్పు వైపున్న కె.ఇ.ఎం., టాటా మెమోరియల్, వాడియా ఆసుపత్రులకు నడవాలి. క్యాన్సర్ చికిత్స కోసం టాటా మెమోరియల్‌కు దేశం నలుమూలల నుంచి, తెలుగు రాష్ట్రాల నుంచి కూడా రోగులు వస్తారు. ఎదురెదురు దిశలలో సాగే ఈ రెండు ప్రవాహాలూ కలుసుకునే చోటు ఆ పాదచారుల వంతెన.

ఆ ఉదయం ఏం జరిగింది

2017 సెప్టెంబరు 29 శుక్రవారం. మరునాడు దసరా. ఉదయం సుమారు పదిన్నర గంటల వేళ ఉన్నట్టుండి వర్షం జోరందుకున్నది. వంతెన మీద ఉన్నవారు తడవకుండా అక్కడే ఆగిపోయారు. రెండు స్టేషన్లకూ రైళ్లు వస్తూనే ఉన్నాయి. దిగినవారు వెనుక నుంచి మెట్లెక్కుతూనే ఉన్నారు. కొద్ది నిమిషాలలో మెట్ల మలుపు వద్ద జనం కదలలేని స్థితి ఏర్పడింది.

రైల్వే విచారణ ఈ దుర్ఘటనకు ఆకస్మిక వర్షాన్ని, దానివల్ల పేరుకుపోయిన రద్దీని కారణాలుగా చూపింది. పూలమూట ఒకటి జారిపడితే 'ఫూల్ గిర్ గయా' అన్న కేక వినవచ్చిందనీ, దానిని 'పుల్ గిర్ గయా', అంటే వంతెన కూలిందని జనం అర్థం చేసుకున్నారనీ గాయపడినవారిలో ఒకరు విచారణలో చెప్పినట్లు వార్తలు వెలువడ్డాయి. ఆ కేక నిజంగా ఎంత ప్రభావం చూపినా, అది వినిపించే సమయానికే వంతెన సామర్థ్యానికి మించి నిండి ఉన్నది.

దీనిని తొక్కిసలాట అని పిలవడం వాడుక. ఆ మాట వినగానే జనం పరుగెత్తి ఒకరినొకరు తొక్కుకున్నారన్న అభిప్రాయం కలుగుతుంది. జనసమ్మర్దంపై పరిశోధన చేసినవారు చెప్పేది వేరు. చదరపు మీటరుకు ఐదారుగురు మించి నిలబడినప్పుడు మనిషి తన ఇష్టప్రకారం అడుగు వేయలేడు. గుంపు ఒక ద్రవంలా ఊగుతుంది. ఛాతీ మీద ఒత్తిడి పెరిగి ఊపిరాడక మరణాలు సంభవిస్తాయి. అనేకులు నిలబడిన చోటనే ప్రాణాలు విడుస్తారు. కనుక ఇటువంటి ప్రమాదంలో జనం క్రమశిక్షణను ప్రశ్నించే ముందు అడగవలసింది, అంత జనం అంత చోటులోకి ఎలా చేరారన్నది.

ఒక స్థూలమైన లెక్క ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. రెండు వైపులా జనం నడిచే మెట్ల మీద మీటరు వెడల్పుకు నిమిషానికి 40 నుంచి 50 మంది దాకా సాఫీగా కదలగలరన్నది స్టేషన్ల రూపకల్పనలో వాడే అంచనా. మెట్ల వెడల్పు మూడు మీటర్లు అనుకుంటే నిమిషానికి 150 మంది. రెండు స్టేషన్లలో ఒకేసారి ఆగిన రెండు రైళ్ల నుంచి వెయ్యేసి మంది చొప్పున దిగితే, ఆ రెండు వేల మంది బయటపడటానికి 13 నిమిషాలకు పైగా పడుతుంది. రద్దీ వేళ తదుపరి రైలు మూడు నాలుగు నిమిషాలలోనే వస్తుంది. ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలే అయినా, అవి చూపే ధోరణి వాస్తవం. సాధారణ దినాన ఆ ఇరుకు వంతెన అలవాటు బలం మీద, ప్రయాణికుల ఓర్పు మీద నడిచిపోతుంది. బయటకు వెళ్లే దారి వర్షం వల్ల ఐదు నిమిషాలు నిలిచిపోతే చాలు, మిగులు సామర్థ్యం లేని చోట అది ప్రాణాంతకమవుతుంది.

'సౌకర్యం' నుంచి 'భద్రత' దాకా

ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్‌లో కొత్త పాదచారుల వంతెన అవసరమన్న సంగతి దుర్ఘటనకు ముందే తెలుసు. ప్రయాణికుల సంఘాలు, ప్రజాప్రతినిధులు విజ్ఞప్తులు చేశారు. మంజూరు కూడా లభించింది. పని మాత్రం మొదలుకాలేదు. ఈ జాప్యానికి ఒక కారణం పద్దుల వర్గీకరణలో కనిపిస్తుంది. స్టేషన్‌లో మొదటి పాదచారుల వంతెనను అత్యవసరంగా భావించినా, ఆపై కట్టే అదనపు వంతెనలను రైల్వే 'ప్రయాణికుల సౌకర్యాల' కింద లెక్కించేది. బల్లలు, నీటి కుళాయిలు, పైకప్పులు చేరే వరుసలోనే వంతెన కూడా చేరేది. నిధుల పోటీలో సౌకర్యం ఎప్పుడూ భద్రత తరువాతనే నిలుస్తుంది.

దుర్ఘటన జరిగిన మరునాడే నాటి రైల్వే మంత్రి పీయూష్ గోయల్ సమీక్ష జరిపి, పాదచారుల వంతెనలను ఇకపై తప్పనిసరి అవసరంగా పరిగణిస్తామని, భద్రతా పనుల మంజూరులో జనరల్ మేనేజర్లకు విస్తృత అధికారాలు ఇస్తామని ప్రకటించారు. ఒక నెల తరువాత, 2017 అక్టోబరు 31న, ఎల్ఫిన్‌స్టన్ రోడ్, కర్రీ రోడ్, అంబివలి స్టేషన్లలో సైన్యం వంతెనలు నిర్మిస్తుందని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు వెల్లడించాయి. 2018 ఫిబ్రవరి 27న అవి ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి. పౌర నిర్మాణాలకు సైన్యాన్ని పిలవడం తగునా అన్న విమర్శ వచ్చింది. దానిని అటుంచితే, నాలుగు నెలలలో పూర్తయిన పని అంతకు ముందు ఏళ్ల తరబడి ఆగిపోవడానికి సాంకేతిక అసాధ్యత కారణం కాదని తేలిపోయింది.

రైల్వే వాదనలోనూ బలం ఉన్నది. ముంబయి లోకల్ రైళ్లు రోజుకు మూడు వేలకు పైగా సర్వీసులు నడుపుతూ 70 లక్షల పైచిలుకు ప్రయాణాలను మోస్తున్నాయి. ప్రయాణ ఛార్జీలు, నెలవారీ సీజన్ టికెట్ల ధరలు నడిపే ఖర్చుకు చాలవు. రైళ్లు ఆగని పట్టాల నడుమ స్తంభం వేయాలంటే ఆదివారాలు, అర్ధరాత్రులు దొరికే కొద్ది గంటలే గతి. స్టేషన్ ఆవరణ దాటి మెట్లు దింపాలంటే ఆ భూమి నగరపాలక సంస్థదో, ప్రైవేటు వ్యక్తులదో అయి ఉంటుంది. ఉద్యోగ వేళలను సర్దుబాటు చేసుకోవాలని మధ్య రైల్వే 2023లో ముంబయిలోని వందలాది సంస్థలకు లేఖలు రాసింది. స్పందించినవి కొన్నే.

ఆ లేఖలలోనే అసలు లోపం బయటపడుతున్నది. భవనం కట్టే ముందు అడగవలసిన ప్రశ్నను, అందులో ఉద్యోగులు చేరిన తరువాత విన్నపంగా అడగవలసి వస్తున్నది.

అనుమతుల జాబితాలో లేని గడి

ఒక ఎత్తైన భవనానికి అనుమతి కావాలంటే అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం ఉండాలి. ఎత్తును బట్టి విమానాశ్రయ ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు చేరితే, 2006 నాటి ప్రకటన ప్రకారం పర్యావరణ అనుమతి కూడా తప్పనిసరి. ఇన్ని చదరపు మీటర్లకు ఇన్ని కార్లు నిలిపే చోటు చూపాలన్న నిబంధన ప్రతి నగరంలోనూ ఉన్నది. సొంత కారులో వచ్చే ఉద్యోగికి ఎంత జాగా కావాలో ముందే లెక్క కట్టే ఈ వ్యవస్థ, రైలులో వచ్చే ఉద్యోగికి స్టేషన్ మెట్ల మీద ఎంత జాగా కావాలో అడగదు. ముంబయిలో రెండవ కోవకు చెందినవారే అత్యధికులు.

అదనపు అంతస్తులకు వసూలు చేసే ప్రీమియం రుసుములు ప్రధానంగా రాష్ట్ర, నగరపాలక ఖజానాలకు చేరుతాయి. అక్కడ పనిచేసేవారి రద్దీ రైల్వే ప్లాట్‌ఫారం మీద చేరుతుంది. ఈ రెంటినీ కలిపే ప్రయత్నం జరగలేదని చెప్పలేము. కేంద్రానికి 51 శాతం, మహారాష్ట్రకు 49 శాతం వాటాతో 1999లో ముంబయి రైల్వే వికాస్ కార్పొరేషన్ ఏర్పడింది. కొత్త రైలు మార్గాలు, కొత్త రైళ్లు, స్టేషన్ల మెరుగుదల పనులు చేపట్టింది. అయితే ఏ భవనానికి ఎన్ని అంతస్తులు ఇవ్వాలో తేల్చే అధికారం దానికి లేదు.

బాధ్యత చీలిపోయినప్పుడు ఏమవుతుందో తరువాతి ఘటనలు చూపాయి. 2018 జులై 3న అంధేరీలో గోఖలే వంతెన నడకదారి పట్టాల మీద కూలింది. 2019 మార్చి 14న ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ వెలుపల పాదచారుల వంతెన కూలి ప్రాణాలు పోయాయి. రెండు సందర్భాలలోనూ మొదటి గంటలలో వినవచ్చిన చర్చ, ఆ వంతెన నిర్వహణ రైల్వేదా, నగరపాలక సంస్థదా అన్నది.

2025లో ఇదే సమస్య మరో రెండు రూపాలలో ముందుకు వచ్చింది. ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ స్టేషన్‌లో మహాకుంభమేళా ప్రయాణికుల రద్దీలో 18 మంది మరణించారు. అక్కడ కూడా ప్లాట్‌ఫారాలకు దారితీసే మెట్లే ప్రమాదస్థలం. తరువాత రైల్వే శాఖ 73 స్టేషన్లలో వెలుపల శాశ్వత నిరీక్షణ ప్రాంగణాలు ఏర్పాటు చేయాలని, పాదచారుల వంతెనలకు 12 మీటర్లు, 6 మీటర్ల వెడల్పుతో రెండు ప్రామాణిక నమూనాలు అనుసరించాలని నిర్ణయించింది. జూన్ 9న ముంబ్రా సమీపంలో ఎదురెదురుగా సాగుతున్న రెండు లోకల్ రైళ్ల తలుపుల వద్ద వేలాడుతున్న ప్రయాణికులు జారిపడగా నలుగురు అదే రోజు చనిపోయారు. కోవిడ్ ఆంక్షల కాలాన్ని మినహాయిస్తే, పట్టాలు దాటుతూనో, రైలు నుంచి జారిపడో, ఇతర కారణాల వల్లనో ముంబయి లోకల్ రైలు మార్గాలలో ఏటా రెండు వేలకు పైగా మరణాలు నమోదవుతున్నాయి. పెద్ద దుర్ఘటన జరిగిన రోజున మాత్రమే ఈ సంఖ్య వైపు దృష్టి మళ్లుతుంది.

హైదరాబాద్ నేర్చుకోవలసింది

ఈ సమస్య ముంబయికే పరిమితమని అనుకోవడానికి వీలులేదు. 2003 ఆగస్టు 9న హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ రైళ్లు మొదలయ్యాయి. లింగంపల్లి, హైటెక్ సిటీ, బేగంపేట, సికింద్రాబాద్, నాంపల్లి, ఫలక్‌నుమా స్టేషన్లను కలుపుతూ అవి నడుస్తున్నాయి. రాష్ట్ర ప్రభుత్వం మూడింట రెండు వంతులు, రైల్వే ఒక వంతు భరించే రెండవ దశలో మేడ్చల్, ఉందానగర్ మార్గాలు 2023 ఏప్రిల్‌లో అందుబాటులోకి వచ్చాయి. మెట్రో రైలు 2019 నవంబరులో రాయదుర్గం చేరింది.

మరోవైపు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో తెచ్చిన నిబంధనలు భవన నిర్మిత విస్తీర్ణంపై ఉన్న పరిమితిని తొలగించాయి. భవనం ఎత్తును ముందున్న రోడ్డు వెడల్పుతో, చుట్టూ విడిచే ఖాళీ జాగాతో ముడిపెట్టాయి. ఫలితంగా నానక్‌రాంగూడ, కోకాపేట ప్రాంతాలలో యాభై అంతస్తుల భవనాలు లేచాయి. సమీప రైలు లేదా మెట్రో స్టేషన్ ఎంతమందిని దించగలదు, అక్కడి నుంచి కార్యాలయం దాకా నడకదారి ఉన్నదా అన్న ప్రశ్నకు ఆ నిబంధనలలో చోటు లేదు.

ముంబయిలో రైలు ముందు వచ్చింది, మేడలు తరువాత వచ్చాయి. పడమటి హైదరాబాద్‌లో మేడలు ముందు వచ్చాయి, రైలు ఇంకా చేరుకోవలసి ఉన్నది. ముంబయిలో మెట్ల మీద కనిపించే రద్దీ హైదరాబాద్‌లో రోడ్ల మీద కనిపిస్తున్నది. రేపు ఆర్థిక జిల్లాకు రైలు మార్గం చేరిన నాడు, అప్పటికే నిండిపోయిన స్థలంలో స్టేషన్‌కు, దాని మెట్లకు, ప్రాంగణానికి జాగా వెతుక్కోవలసి వస్తుంది. మెట్రో ప్రణాళికలు సిద్ధం చేసుకుంటున్న విశాఖపట్నం, విజయవాడ నగరాలకు ఆ జాగాను ముందే కేటాయించుకునే అవకాశం ఇంకా ఉన్నది.

చేయదగినవి

మొదటిది, స్టేషన్‌కు నడకదూరంలో పెద్ద కార్యాలయ భవనానికి అనుమతి ఇచ్చేటప్పుడు, ఆ భవనం అదనంగా తెచ్చే ప్రయాణికుల సంఖ్యను, వారు బయటపడే మెట్ల, వంతెనల సామర్థ్యాన్ని పక్కపక్కన ఉంచి చూడాలి. కొరత ఉంటే దానిని తీర్చే ఖర్చులో కొంత ఆ అనుమతి ద్వారా వచ్చే రుసుము నుంచే కేటాయించాలి. కారు నిలిపే చోటుకు నిబంధన విధించగలిగిన ప్రభుత్వానికి ఇది అసాధ్యం కాదు.

రెండవది, బాధ్యత ఒక చోట చేరాలి. నగరాలలో ఏకీకృత మహానగర రవాణా ప్రాధికార సంస్థలు ఉండాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం సూచించింది. కేంద్ర సహాయం కోరే మెట్రో ప్రాజెక్టులకు అటువంటి సంస్థను 2017 నాటి మెట్రో రైలు విధానం షరతుగా పెట్టింది. హైదరాబాద్‌లోనూ, ముంబయిలోనూ ఆ పేరుతో సంస్థలు ఏర్పడ్డాయి. భవన అనుమతులలో వాటి మాట చెల్లుబాటయ్యే వరకు అవి సమావేశాలకే పరిమితమవుతాయి.

మూడవది, లెక్కలు బహిరంగం కావాలి. టికెట్ల అమ్మకం వల్ల ఒక స్టేషన్‌లో ఎంతమంది రైలెక్కారో రైల్వేకు తెలుస్తుంది. రద్దీ గంటలో ఒక్కో మెట్ల వరుస మీద ఎంతమంది నడుస్తున్నారో, ఆ వరుస ఎంతమందిని భరించగలదో కూడా ఏటా ప్రకటిస్తే, ప్రమాదం జరగక మునుపే ప్రజలూ, పత్రికలూ, న్యాయస్థానాలూ ప్రశ్నించగలుగుతాయి.

ప్రభాదేవిలో పరిస్థితి 2017తో పోలిస్తే మెరుగైంది. వంతెనలు పెరిగాయి. 2019 మార్చిలో పరేల్ నుంచే బయలుదేరే లోకల్ రైళ్లు మొదలయ్యాయి. 2025 అక్టోబరులో పూర్తిగా అందుబాటులోకి వచ్చిన మూడవ మెట్రో మార్గం వర్లీ, సిద్ధివినాయక్ స్టేషన్ల ద్వారా కొంత భారాన్ని పంచుకుంటున్నది. అదే సమయంలో పాత రోడ్డు వంతెన మూతపడటంతో, పరేల్ వైపు నుంచి ప్రభాదేవి వైపు నడిచి వెళ్లేవారికి స్టేషన్ పాదచారుల వంతెనల మీద ఆధారం పెరిగింది. చుట్టూ మరిన్ని భవనాలు లేస్తూనే ఉన్నాయి. నేడు మిగులుగా కనిపించే వెడల్పు పదేళ్ల తరువాత మిగలకపోవచ్చు.

కొత్త రెండంతస్తుల వంతెన నమూనాలో ఎన్ని వరుసల వాహనాలు సాగాలన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. ఉదయం తొమ్మిదిన్నరకు పరేల్‌లో దిగి పడమటికి నడిచే ఉద్యోగుల సంఖ్య, ప్రభాదేవిలో దిగి తూర్పున ఆసుపత్రులకు నడిచే రోగుల సంఖ్య కూడా అవే కాగితాలలో చేరడానికి నిర్మాణం సాగుతున్న ఈ కాలమే అనువైనది. కట్టడం పూర్తయ్యాక మెట్లు వెడల్పు చేయడం ఎంత కష్టమో ఆ స్టేషన్ చరిత్రే చెబుతున్నది.